ఆడిటర్ దగ్గర ఆరు నెలలు

"ఆడిటర్ దగ్గరికా? ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లతో ఏమైనా తేడా వచ్చిందా?" అంది మా అమ్మ ఫోన్లో, గొంతు బాగా తగ్గించి. పక్కింటివాళ్లు వింటారని భయం. మా గుంటూరులో ఆడిటర్ అంటే లెక్కల కాగితాలు సంచిలో వేసుకుని పరిగెత్తేది ఆయన దగ్గరికే కదా.

"కాదమ్మా, ఈవిడ లెక్కలు చూసే ఆడిటర్ కాదు. మనం చెప్పేది వినే ఆడిటర్."

"వినడానికి కూడా ఆడిటర్ని పెట్టుకుంటారా ఆ దేశంలో?"

ఏం చెప్పాలో తోచక మాట మార్చేశాను.

మేం లాస్ ఏంజెలస్‌లో సన్‌సెట్ బులవార్డ్‌కి దగ్గర్లో ఉంటాం. మా ఆయన ఆ దారిలో ఉన్న ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తారు. ఆ రోడ్డు మీద వెళ్తుంటే నీలం రంగు వేసిన పెద్ద కట్టడం ఒకటి కనిపిస్తుంది. నెత్తిన సైంటాలజీ అని పెద్ద పెద్ద అక్షరాలు. ఒకప్పుడు అది సీడార్స్ ఆఫ్ లెబనాన్ అనే ఆసుపత్రట. పక్క వీధికి ఆ మతం స్థాపించిన ఎల్. రాన్ హబ్బర్డ్ పేరే పెట్టారు. బస్సులో ఎన్నోసార్లు దాని ముందు నుంచి వెళ్లాను, ఒక్కసారి కూడా లోపలికి అడుగు పెట్టలేదు. నాకు ఆ మతం మాటలన్నీ నేర్పింది మా పైవాటా ఆవిడ.

ఆవిడకి 76 ఏళ్లు. పేరు పెట్టి పిలవమంది కానీ ఆ వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. ఆరు నెలలూ "మీరు" అనే అర్థం వచ్చేలా ఇంగ్లిష్‌ని వంకరలు తిప్పుతూనే గడిపాను. 1970ల్లో ఆ సైంటాలజీ చర్చిలో ఆడిటర్‌గా, అంటే ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగి వినే మనిషిగా శిక్షణ పొంది, చాలా ఏళ్లు ఆ పని చేసి, తర్వాత బయటికి వచ్చేసిందట. ఎందుకని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఆ తర్వాత ఇంట్లోనే, తెలిసినవాళ్లకి మాత్రం సెషన్లు ఇచ్చేది. అలా బయట ఉండి సొంతంగా చేసేవాళ్లని చర్చి భాషలో 'స్క్విరల్' అంటారు. తిట్టుమాట. అసలు పద్ధతిని చెడగొట్టేవాడని అర్థం.

"నన్ను ఉడత అంటారు" అని ఆవిడ నవ్వుతూ చెప్పినప్పుడు నాకు ఆ తిట్టు ఎక్కలేదు. మా దగ్గర ఉడత అంటే రాముడికి వారధి కట్టడంలో సాయం చేసిన భక్తురాలు, వీపు మీద ఆ మూడు గీతలు ఆయన వేళ్ల గుర్తులు అని చెప్పాను. ఆవిడ ఆ కథ రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత కిటికీ గట్టు మీద చిన్న మట్టి ఉడత బొమ్మ వెలిసింది.

అసలు పరిచయం కింద బట్టలు ఉతుక్కునే గదిలో అయింది. "హౌ ఆర్ యూ" అని అడిగి, ఆవిడ జవాబు కోసం ఆగింది. ఈ దేశంలో ఆ ప్రశ్న వేసి ఆగిన మనిషిని అప్పటిదాకా చూడలేదు. నేను "ఫైన్" అన్నాను. ఇంకా ఆగింది. డ్రయర్ తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఉన్నట్టుండి, మా నాన్న పోయి ఏడాదిన్నర అయిందని, 2021 మేలో ఆ సెకండ్ వేవ్‌లో పోయారని, మా వీసాలతో వెళ్తే తిరిగి రాలేమని వెళ్లలేదని, అంతా ఆ గదిలోనే నిలబడి చెప్పేశాను. ఆవిడ ఓదార్చలేదు, "ఐ యామ్ సారీ ఫర్ యువర్ లాస్" అనలేదు. "నువ్వు చెప్పింది విన్నాను" అంది, అంతే. మనసు తేలికపడింది. అదేదో మంత్రం తెలిసిన మనిషిలా అనిపించింది.

నా పని ఏమిటో చెప్పాలి. ఫోన్లో దుబాసీ పని చేస్తాను. ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో తెలుగు తప్ప రానివాళ్లకి, ఎక్కువగా పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లకి, ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్తాను. ఆ పనికి కొన్ని నియమాలున్నాయి. కలపకూడదు, తీసేయకూడదు, సలహా ఇవ్వకూడదు. డాక్టర్ "నేను" అంటే నేనూ "నేను" అనాలి. రోజంతా నా నోట్లోంచి వేరేవాళ్ల మాటలే వస్తాయి. అందుకే, వినడానికి కూడా ఒక విద్య ఉంది, దాన్ని మెట్టుమెట్టుగా నేర్పుతారు అని ఆవిడ చెప్పగానే నాకు ఆశ పుట్టింది. సెషన్ ఇవ్వడం కంటే ముందు కసరత్తులు చేయిస్తానంది. వాటిని 'టీఆర్‌లు' అంటారు, ట్రైనింగ్ రొటీన్‌లు. 1950ల నాటివి.

డబ్బు తీసుకోనంది. కానీ ఊరికే ఇవ్వడం వాళ్ల పద్ధతి కాదు, 'ఎక్స్‌చేంజ్' ఉండాలి, ఇచ్చినదానికి బదులు ఏదో ఒకటి రావాలి. వారానికోసారి గుత్తి వంకాయ కూర అని ఒప్పందం కుదిరింది. చర్చిలో అయితే సెషన్లు పన్నెండున్నర గంటల కట్టలుగా కొనుక్కోవాలి, ఆ కట్టని 'ఇంటెన్సివ్' అంటారు. మా ఆయన లెక్కేసి, ఒక ఇంటెన్సివ్‌కి ఎన్ని కిలోల వంకాయలో చెప్పేవారు.

మొదటిది టీఆర్ జీరో. రెండు కుర్చీలు ఎదురెదురుగా, మధ్యన సుమారు మూడడుగులు. ముందు కళ్లు మూసుకుని ఊరికే కూర్చోవాలి. తర్వాత కళ్లు తెరిచి ఎదుటి మనిషిని చూస్తూ కూర్చోవాలి. మాట్లాడకూడదు, నవ్వకూడదు, సర్దుకోకూడదు. 'కన్‌ఫ్రంట్' చేయడం అంటారు దీన్ని. మామూలు ఇంగ్లిష్‌లో ఆ మాటకి ఎదిరించడం అనే అర్థం ఉంది, ఇక్కడ మాత్రం తప్పుకోకుండా ఎదురుగా ఉండగలగడం. ఆవిడ "స్టార్ట్" అనగానే మొదలు. నా కాలి బొటనవేలు కదిలినా "ఫ్లంక్!" అనేది. తప్పావు అని. మళ్లీ "స్టార్ట్". ఆపాలంటే "దట్సిట్".

పది నిమిషాలు దాటాక ఎదుటి ముఖం కరిగిపోవడం మొదలవుతుంది. ఆవిడ ముక్కు ఒక్కటే మిగిలింది, తర్వాత అదీ పెద్దదై, మా నాయనమ్మ ముక్కులా అయింది. నాకు భయం వేసింది. చెప్తే, "కూర్చునే ఉండు, పోతుంది" అంది. నిజంగానే పోయింది. అసలు లెక్క ప్రకారం రెండు గంటలు కదలకుండా కూర్చోగలగాలి. నాకు రెండు గంటలు కూర్చోగలగడానికి ఐదు వారాలు పట్టింది.

తర్వాత 'బుల్‌బెయిట్'. ఎద్దుని రెచ్చగొట్టినట్టు రెచ్చగొడతారు, మనం ఉలకకూడదు, పలకకూడదు. ఏ మాటకి మనం కదిలిపోతామో అది మన 'బటన్'. అది దొరికిందంటే అదే నొక్కుతూ ఉంటారు, ఇక కదలని స్థితి వచ్చేదాకా. అలా అవడాన్ని 'ఫ్లాట్' అవడం అంటారు. ఆవిడ నా యాసని వెక్కిరించింది, చలనం లేదు. నా వంటని వెక్కిరించింది, లేదు. ఒకరోజు గది మధ్యలో నిలబడి, రెండు చేతులూ తల మీద పెట్టుకుని, "బాబోయ్!" అంది. నేను ఫోన్లో మా చెల్లెలితో అంటుంటే పైవాటా నుంచి విని పట్టుకుందట. "బాబూయ్" అని వచ్చింది ఆ నోట్లో. పగలబడి నవ్వాను. ఫ్లంక్. మళ్లీ బాబూయ్. మళ్లీ ఫ్లంక్. కడుపునొప్పి వచ్చేదాకా, నలభై సార్లు అయ్యాక, ఆ మాట ఒట్టి చప్పుడుగా మారిపోయింది. ఆవిడ గెంతుతోంది, నేను చూస్తున్నాను. విచారంగా కూడా అనిపించింది. ఆ తర్వాత వారం రోజులు మా చెల్లెలు బాబోయ్ అన్నా నాకు నవ్వు రాలేదు.

టీఆర్ ఒకటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 'ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్' పుస్తకంలోంచి ఒక వాక్యం ఏరుకుని, అది నీ సొంత మాటైనట్టు ఎదుటివాళ్లకి చేరేలా చెప్పాలి. నా ఉద్యోగమే అది.

టీఆర్ రెండు మాత్రం నన్ను పట్టుకుంది. ఇప్పటికీ వదల్లేదు. 'అక్నాలెడ్జ్‌మెంట్'. ఆవిడ ఆలిస్ పుస్తకం చదువుతుంది, ప్రతి వాక్యానికీ నేను "గుడ్", "ఫైన్", "ఓకే", "థాంక్యూ" లాంటి మాట ఒకటి అనాలి. అంత తేలికా అనుకున్నాను. కాదు. ఆ ఒక్క మాటతో ఎదుటి మనిషికి 'నువ్వు చెప్పింది చేరింది, ఇక మళ్లీ చెప్పనక్కర్లేదు' అని తెలియాలి. వాళ్ల లెక్కలో సంభాషణ ఒక చక్రం. ఒకరి దగ్గర బయలుదేరిన మాట దూరం దాటి రెండోవాళ్లకి చేరి, వాళ్ల దగ్గర ఉన్నదున్నట్టు తిరిగి తయారవ్వాలి. చేరిందని కబురు వెనక్కి రావాలి. ఆ కబురు రాకపోతే చక్రం తెరుచుకునే ఉంటుంది, మనిషి చెప్పిందే చెప్తూ ఉంటాడు. మా పెద్దత్త చెప్పిందే చెప్తుందని ఇంటిల్లిపాదీ విసుక్కుంటాం. ఆవిడకి "సరే, విన్నాం" అని ఎవరూ సరిగ్గా చెప్పలేదేమో అని ఆ రోజు అనిపించింది. తర్వాత ఫోన్లో ఆ ప్రయోగం చేశాను కూడా. కోడలి మీద ఫిర్యాదు ఎత్తుకోగానే, మధ్యలో అడ్డురాకుండా విని, నెమ్మదిగా, "అర్థమైందత్తా" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "సరేలే, నీ సంగతేంటి?" అంది. పదేళ్లలో మొదటిసారి.

దీనికి ఒక తమ్ముడున్నాడు. టీఆర్ రెండున్నర. సగం అక్నాలెడ్జ్‌మెంట్. మాట ముగించేయకుండా, 'చెప్పు, వింటున్నా' అన్నట్టు ఉండేది. ఆవిడ అరగంట వివరించాక నేను, "అంటే ఊఁ కొట్టడం" అన్నాను. కథ చెప్పేటప్పుడు పిల్లలు ఊఁ కొట్టకపోతే మా నాయనమ్మ కథ ఆపేసేది, నిద్రపోయారా అని లేపేది. ఊఁ కొట్టడానికి అంకె వేసి, కసరత్తు పెట్టి, పరీక్ష పెడతారని మాకెప్పుడూ తోచలేదు. ఆవిడ నా 'ఊఁ' పలకబోయి, ఆవులా అరిచింది. ఇద్దరం నవ్వుకున్నాం.

టీఆర్ మూడులో ఒకే ప్రశ్న. "డు బర్డ్స్ ఫ్లై?" పక్షులు ఎగురుతాయా? జవాబు వచ్చాక థాంక్యూ, మళ్లీ "డు బర్డ్స్ ఫ్లై?" లేకపోతే చేపలు ఈదుతాయా. ప్రతిసారీ మొట్టమొదటిసారి అడుగుతున్నట్టే అడగాలి, విసుగు గొంతులోకి రాకూడదు. ఎదుటివాళ్లు దాటేస్తే, "ఐ విల్ రిపీట్ ద క్వశ్చన్" అని అదే ప్రశ్న. నాలుగోదాంట్లో వాళ్లు మధ్యలో "నాకు కడుపులో నొప్పిగా ఉంది" అనో, "కిటికీ వేయవా" అనో అంటారు. దాన్ని 'ఒరిజినేషన్' అంటారు, అంటే అడక్కుండా వాళ్లంతట వాళ్లు ఎత్తిన మాట. అర్థం చేసుకుని, థాంక్యూ చెప్పి, మెల్లగా పక్షుల దగ్గరికి తీసుకురావాలి. ఎవరు రాశారో కానీ, దీన్ని మా బీమా ఆఫీసులవాళ్లకి ముందే నేర్పి ఉంటారని నా అనుమానం.

ఫిబ్రవరిలో అసలు సెషన్లు మొదలయ్యాయి. ఇప్పుడు నేను 'పీసీ', అంటే ప్రీక్లియర్, పాత బాధల పట్టు వదిలిన 'క్లియర్' అనే స్థితికి ఇంకా చేరనిదాన్ని. ఆవిడ ఆడిటర్. వినడం అనే అర్థం ఉన్న లాటిన్ మాట నుంచి వచ్చిందట అది. పొద్దున్నే అడిగేది: సరిగ్గా నిద్రపోయావా, తిన్నావా? ఆకలితోనో నిద్ర చాలకో ఉన్నవాళ్లని సెషన్లో కూర్చోబెట్టకూడదని ఆడిటర్ కోడ్‌లో ఉంది. నేను పెరుగన్నం తిన్నానని చెప్తే నమ్మేది కాదు, గట్టిగా ఊపిరి తీసి వదలమనేది. మీటర్ ముల్లు పడితే ఒంట్లో సత్తువ ఉన్నట్టు.

ఆ మీటరే 'ఈ-మీటర్'. చేతుల్లో రెండు రేకు డబ్బాలు పట్టుకోవాలి. మొదట్లో నిజంగానే తినే డబ్బాలు వాడేవారట. ఇంట్లో పనిచేసే చెయ్యి కదా, పొడిగా ఉందని ముందు క్రీమ్ రాయించేది. చాలా కొద్ది కరెంటు ఒంట్లోంచి పోతుంది, ఒళ్లు దాన్ని ఎంత అడ్డుకుంటోందో ముల్లు చూపిస్తుంది. టోన్ ఆర్మ్ అనే మీట 2 దగ్గర ఉంటే 5,000 ఓమ్‌లు, 3 దగ్గర ఉంటే 12,500. మా ఆయన ఒకసారి కుతూహలంగా వచ్చి చూసి, "ఇది చెమట కొలిచేది, లై డిటెక్టర్‌లో ఒక ముక్క" అన్నారు. ఆవిడ కోప్పడలేదు. తిప్పి అడుగున అంటించిన చీటీ చూపించింది: ఈ మీటర్ తనంతట తాను ఏమీ చేయదు అని దాని సారం. 1963లో అమెరికా ప్రభుత్వ ఔషధ శాఖ వాషింగ్టన్ చర్చి మీద దాడి చేసి మీటర్లు పట్టుకుపోయింది. కోర్టులో ఏళ్లు నడిచి, చివరికి ఇది రోగం చెప్పేదీ కాదు, తగ్గించేదీ కాదు అని రాసి ఉండాలని తేలింది. ఈ పద్ధతికి మొదలైన హబ్బర్డ్ పుస్తకం 'డయనెటిక్స్' వచ్చిన 1950లోనే అమెరికా మానసిక శాస్త్రవేత్తల సంఘం దాని గొప్పలకి రుజువులు లేవని తీర్మానం చేసింది. మా ఆయన ఇవన్నీ చదివి నాకు వినిపించారు. విన్నాను. గురువారం మళ్లీ పైకి వెళ్లాను.

"దిసీజ్ ద సెషన్" అంటుంది, తలుపు గొళ్లెం పడ్డట్టు. అప్పటిదాకా కూర ఉప్పు ఎక్కువైందని చెప్పిన మనిషి మాయమై, వేరే మనిషి కూర్చుంటుంది. ముల్లు నాకు కనపడదు, అడ్డు ఉంటుంది. ఆవిడ కుడిచెయ్యి రాస్తూనే ఉంటుంది, చూపు మాత్రం నా మీదే. ముందు మూడు ప్రశ్నలు, వీటిని 'రుడిమెంట్స్' అంటారు. ఏఆర్‌సీ బ్రేక్ ఉందా? ప్రెజెంట్ టైమ్ ప్రాబ్లమ్ ఉందా? మిస్డ్ విత్‌హోల్డ్ ఉందా? ఎవరితోనైనా మనసు విరిగిందా, ఇప్పుడు బుర్ర తొలిచే సమస్య ఏదైనా ఉందా, దాచిన తప్పు ఎవరికైనా దొరకబోయి తప్పిందా అని నేను తెలుగు చేసుకున్నాను.

ఏఆర్‌సీ అంటే అఫినిటీ, రియాలిటీ, కమ్యూనికేషన్. మూడు కోణాల త్రిభుజం. ఒకటి పెరిగితే మిగతా రెండూ పెరుగుతాయి, మూడూ కలిస్తే అర్థం చేసుకోవడం. ఇక్కడ రియాలిటీ అంటే నిజం కాదు, ఇద్దరూ ఒప్పుకున్నది. దుబాసీని కదా, ఆ రాత్రి కూర్చుని దీనికి తెలుగు వెతికాను. అఫినిటీకి ఆప్యాయత దొరికింది. రియాలిటీకి దొరకలేదు. 'పొత్తు' అందామా అంటే రాజకీయం తగిలింది.

మాటలు అర్థం కాకపోతే వాళ్లకి మహా పట్టింపు. అర్థం కాని మాట దాటి ముందుకు పోకూడదు. ఆవలింత వచ్చిందంటే వెనక ఏదో మాట నీకు అర్థం కాలేదన్నట్టే. బల్ల మీద లావు డిక్షనరీ ఎప్పుడూ ఉండేది. నేను ఆవలిస్తే, "ఏ మాట దగ్గర?" అనేది. రాత్రి రెండింటిదాకా ఫోన్ డ్యూటీ చేశానని చెప్పినా, వెనక్కి పేజీలు తిప్పించేది. ఒక్కోసారి దొరికేది కూడా, అదే చిరాకు. కానీ నాకు అన్ని మాటలూ అర్థమై కూడా నచ్చకపోవడం అనేది ఉంటుందని ఆవిడ చేత ఒప్పించలేకపోయాను.

ప్రశ్నలు మెత్తగా ఉండేవి. నీకు నిజంగా నిజమనిపించినది ఒకటి గుర్తు తెచ్చుకో. ఎవరితోనైనా మంచిగా మాట్లాడిన సందర్భం గుర్తు తెచ్చుకో. నీకు ఎవరిమీదైనా నిజంగా ఇష్టం కలిగిన సందర్భం గుర్తు తెచ్చుకో. మళ్లీ మొదటిది. ఇలా తిరుగుతూనే ఉంటాయి. ప్రశ్నకీ, ఆ ప్రశ్నకే వచ్చిన జవాబుకీ మధ్య పట్టిన సమయాన్ని 'కమ్ లాగ్' అంటారు. మధ్యలో మౌనంగా ఉన్నా, వేరే ఊసులు చెప్పినా అదంతా కమ్ లాగ్ కిందే లెక్క. మా మేనమామని భోజనం అయిందా అంటే పొలం గట్టు తగాదా మొత్తం చెప్పి, అప్పుడు "ఆఁ, అయింది" అంటాడు. ఆయన కమ్ లాగ్ ఇరవై నిమిషాలు.

పీసీ తనకి కనిపించినదాన్ని 'అది ఫలానా' అని చెప్పుకుంటూ పోవడాన్ని 'ఇట్సా' అంటారు, ఇట్స్ ఎ అనే మాట అలా అయింది. ఉన్నట్టుండి ఏదో తట్టడం 'కాగ్నిషన్'. అప్పుడు ముఖం విప్పారుతుంది, ముల్లు ఇటూ అటూ తీరిగ్గా ఊగుతుంది. "యువర్ నీడిల్ ఈజ్ ఫ్లోటింగ్" అంటుంది ఆవిడ. ఆ ప్రశ్న అక్కడితో ఆపేయాలి, ఇంకో మాట పొడిగించకూడదు. ఆ వాక్యం వినడానికి నాకు మెల్లగా ఆశ మొదలైంది. చిన్నప్పుడు నోటుబుక్కులో స్టార్ పడ్డట్టు.

మార్చి మధ్యలో నాన్న విషయం వచ్చింది. నష్టం గురించి అడిగింది. చివరి వీడియో కాల్ గురించి చెప్పాను. నోటికీ ముక్కుకీ ఆక్సిజన్ మాస్క్. మాట్లాడటానికి లేదు. నేను ఏవేవో చెప్తున్నాను, టికెట్లు చూస్తున్నామని, పిల్లాడు నడుస్తున్నాడని. ప్రతిదానికీ ఆయన "ఊఁ" అన్నారు. మాస్క్ లోపల్నించి ఊఁ. ఎంతసేపు మాట్లాడితే అంతసేపూ ఊఁ కొట్టారు. మర్నాడు తెల్లవారుజామున పోయారు. అది చెప్తూ నేను కూడా ఊఁ అని చేసి చూపించాను.

"థాంక్యూ. దీనికంటే ముందు, ఇలాంటిదే ఇంకోటి ఉందా?" 'ఎర్లియర్ సిమిలర్' అంటారు దీన్ని. ఉంది. నాయనమ్మ పోయినప్పుడు నన్ను చూడనివ్వకుండా పిన్ని ఇంటికి పంపేశారు. "థాంక్యూ. ఇంకా ముందు?" ఇంకా ముందు అంటే నాకు రెండేళ్లు. ఏమీ లేదు. ఇంకా ముందు? అప్పుడు ఆవిడ గొంతు సవరించుకుని, ఈ జన్మలోదే కానక్కర్లేదు, మనిషి అంటే 'థీటన్', అది ఎన్నో ఒళ్లు మారుస్తుంది అని జాగ్రత్తగా మొదలుపెట్టింది. తెల్లవాళ్లకి ఇక్కడ చాలా నచ్చచెప్పాలేమో. నేను పూర్వజన్మ అంటే అదొక వింతా అన్నాను. మా వీధిలో అందరికీ ఉన్నాయి. కానీ కళ్లు మూసుకుంటే నాకు ఏమీ కనపడలేదు. కాసేపటికి, ఏటి ఒడ్డు, ఒక పడవ కనిపించాయి. అది నాకు గుర్తొచ్చిందా, నేను అల్లానా అంటే, అల్లాననే చెప్తాను. ఆవిడ అలుపు లేకుండా అడుగుతోంది, నాకు ఏదో ఒకటి ఇవ్వాలనిపించింది. చుట్టం వస్తే డబ్బాలో ఉన్నదేదో తీసి పెట్టినట్టు. ముల్లు ఊగిందట. ఇంటికి తేలిగ్గా వచ్చాను, ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. అదీ నిజమే.

ఈలోగా ఆ భాష మా ఇంట్లోకి దిగింది. గిన్నెలు తోమడం 'మెస్ట్ వర్క్' అయింది, మెస్ట్ అంటే వాళ్ల భాషలో పదార్థం, శక్తి, చోటు, కాలం. చికాకుగా ఉంటే 'ఎంటర్‌బ్యులేటెడ్' అన్నాను. మంచి రోజు 'విన్'. ఒక రాత్రి మా ఆయన ఆఫీసు గొడవ చెప్తున్నారు. నేను గిన్నె పక్కన పెట్టి, కళ్లలోకి చూసి, "సరే. అర్థమైంది. థాంక్యూ" అన్నాను. ఆయన ఆగిపోయారు. కాసేపయ్యాక, "నువ్వు విన్నావో, నా నోరు మూయించావో తెలీడం లేదు" అన్నారు. పెద్దత్త మీద పనిచేసింది ఇదే.

ఏప్రిల్ చివర్లో ఒక సెషన్లో ఏమీ దొరక్క, పొద్దున పాలు పొంగిపోయాయని చెప్పాను. "గుడ్. థాంక్యూ" అంది ఆవిడ. అదే గొంతు. అదే బరువు. నాన్న మాస్క్‌కి ఎంత పడిందో పొంగిన పాలకీ అంతే పడింది. సెషన్ అయ్యాక అడిగేశాను. ఆవిడ దాచలేదు. "అదే కదా పద్ధతి. నువ్వు చెప్పినదాంట్లో ఏది పెద్దది, ఏది చిన్నది అని నేను తూచకూడదు. తూచే హక్కు నీదే." కోడ్‌లో కూడా ఉంది, పీసీ చెప్పినదానికి విలువ కట్టకూడదు, కొట్టిపారేయకూడదు.

కోపంగా కిందికి దిగాను. రాత్రి డ్యూటీలో మొదటి కాల్ ఒక ఐసీయూ నుంచి. డాక్టర్ చెప్పింది నేను తెలుగులో చెప్పాలి, "నేను" అనే చెప్పాలి. "మీ అమ్మగారిని కాపాడలేకపోయాను." అవతల కొడుకు ఏడుస్తున్నాడు. నా తర్వాతి కాల్ పార్కింగ్ చలానా గురించి. నా గొంతు మారలేదు. మారకూడదు.

ఆ తర్వాత నాలుగైదు సెషన్లే జరిగాయి. మే నెలాఖరున ఆవిడ ఆరెగాన్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. వెళ్లేముందు, సెషన్లలో రాసుకున్న కాగితాలున్న నా ఫోల్డర్ నా చేతిలో పెట్టింది. మామూలుగా పీసీకి ఫోల్డర్ చూపించరు. "నాతో తీసుకెళ్లి ఏం చేసుకోను" అంది. మట్టి ఉడతని మాత్రం పర్సులో వేసుకుంది.

వారం పాటు ఆ ఫోల్డర్ ఫ్రిజ్ మీదే ఉంది. తర్వాత తెరిచాను. చదవడానికి కష్టమే, అంతా పొట్టి రాత. మాట పక్కన ముల్లు ఎంత పడిందో గుర్తు, కొంచెమైతే ఎస్‌ఎఫ్, ఎక్కువైతే ఎల్‌ఎఫ్, ఊగితే ఎఫ్‌ఎన్. మా నాయనమ్మ పేరు మూడు రకాలుగా రాసి ఉంది. పడవ దగ్గర ఎఫ్‌ఎన్ అని పెద్దగా గుండ్రం చుట్టి ఉంది. నేను గంట చెప్పిన వీడియో కాల్ నాలుగు లైన్లు. నాన్న, మాస్క్, టికెట్లు. నాలుగో లైనులో ఇంగ్లిష్ అక్షరాల్లో 'ఊ' అని రాసి, పక్కన ముల్లు బాగా పడిందని గుర్తు వేసి, ఆ తర్వాత ప్రశ్నార్థకం పెట్టింది. అర్థం కాని మాట దాటి ఒక్క అడుగు వేయనివ్వని మనిషి, ఆ మాట గురించి నన్ను అడగలేదు. ఎర్లియర్ సిమిలర్ అని వెళ్లిపోయింది. ఆ రోజు పకపకా నవ్వుకున్న మా ఊఁ కొట్టడమే ఇదని ఆవిడకి తట్టలేదు.

ఆదివారం ఆవిడకి ఫోన్ చేశాను. ఆ లైను చదివి వినిపించి, ఊఁ అంటే ఏమిటో, మాస్క్ లోపల మా నాన్న ఏం చెప్పారో చెప్పాను. ఇంగ్లిష్‌లో అది చెప్పడానికి పావుగంట పట్టింది. మధ్యలో ఆవిడ ఒక్కసారి కూడా థాంక్యూ అనలేదు.